నెత్తి మీద పిడుగు... కబురు మాత్రం ఆలస్యం!

పోయిన సంక్రాంతికి మస్కట్‌లో మన తెలుగు కుటుంబాలు కొన్ని కలుసుకున్నప్పుడు, భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నారు. ఆయనది సూళ్ళూరుపేట. ఒమాన్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా మాట మాత్రం నెల్లూరు యాసే. "అబ్బయా, మీరు కంప్యూటరోళ్ళు గదా, ఒక మాట చెప్పు. శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే మా ఇంటి కిటికీలు దడదడలాడతాయి. చిన్నప్పట్నుంచీ చూస్తానే ఉండా. అవి అంత పైకి పోయి ఏం చూస్తాయి? చూసింది ఎవురికి చెప్తాయి?"

చేతిలో పులిహోర ప్లేటుతో అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆయన ప్రశ్నలో రెండో సగమే అసలైందనిపించింది. చూడటం వేరు, చూసింది వేళకి చెప్పడం వేరు. గామా కిరణాల విస్ఫోటనాల్ని పట్టుకునే ఉపగ్రహాల విషయంలో ఇప్పుడు నడుస్తున్న కథంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతోంది. ఆ కథలో శ్రీహరికోటకీ, హైదరాబాదుకీ చోటుంది. మనం ఉంటున్న ఒమాన్‌కి కూడా ఉండొచ్చని నా ఆశ.

ఆ పౌర్ణమి సాయంత్రం

2022 అక్టోబరు 9, ఆదివారం. ఆశ్వయుజ పౌర్ణమి. మస్కట్‌లో సాయంత్రం ఐదూ పదిహేడు నిమిషాలు, ఇంకా పొద్దు గుంకలేదు. ఆంధ్రాలో ఆరూ నలభై ఏడు, అప్పటికే చీకటి పడింది. సరిగ్గా ఆ నిమిషాన, దాదాపు నూట తొంభై కోట్ల సంవత్సరాల క్రితం బయల్దేరిన గామా కిరణాల ఉప్పెన భూమిని తాకింది. అది వచ్చిన దిక్కు మన పంచాంగం భాషలో అభిజిత్తుకీ శ్రవణానికీ నడుమన ఉంటుంది. ఈ వ్యాసం కోసం కూర్చుని లెక్క వేశాను: ఆ సమయానికి ఆ చోటు మస్కట్‌లో నడినెత్తికి సుమారు పన్నెండు డిగ్రీల దూరంలో, హైదరాబాదులో ఎనిమిది డిగ్రీల దూరంలో ఉంది. అంటే ముత్రా కోర్నిష్ మీద నడుస్తున్నవాళ్ళకీ, ట్యాంక్‌బండ్ మీద మిర్చి బజ్జీలు తింటున్నవాళ్ళకీ అది దాదాపు నెత్తి మీదే పడింది!

ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరికీ ఏమీ కనపడలేదు. గామా కిరణాల్ని వాతావరణం నేల దాకా రానివ్వదు. కానీ ఆ వాతావరణం పైపొర అయనోస్ఫియర్ మాత్రం కదిలిపోయింది. ఇండియాలో పిడుగుల్ని పసిగట్టే పరికరాలు ఉలిక్కిపడ్డాయి. జర్మనీలోని పరికరాలు అయనోస్ఫియర్ కొన్ని గంటలపాటు కలతపడినట్టు నమోదు చేశాయి. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు 221009ఎ. ఇంత ప్రకాశవంతమైన విస్ఫోటనం భూమికి పదివేల ఏళ్ళకొకసారి తగులుతుందని అంచనా.

ఇక కబురు సంగతి చూడండి. నాసా వారి ఫెర్మి ఉపగ్రహం ఐదూ పదిహేడుకే దాన్ని నమోదు చేసింది. కానీ కచ్చితమైన చిరునామా చెప్పగలిగే స్విఫ్ట్ ఉపగ్రహం చూపు అప్పుడు ఆ వైపు లేదు. యాభై మూడు నిమిషాల తర్వాత, మనకి ఆరూ పదికి, స్విఫ్ట్ అటు తిరిగి మిగిలిన వెలుగుని చూసింది. అయితే ఆ చోటు మన పాలపుంత పట్టీ పక్కనే ఉండటంతో, ఇది మన గెలాక్సీలోనే కొత్తగా వెలిగిన ఎక్స్-కిరణాల తార అనుకున్నారు. దానికి తగ్గ పేరు కూడా పెట్టేశారు. ఫెర్మి రికార్డుతో కలిపి చూశాక గానీ ఇది ఎంత పెద్ద చేపో అర్థం కాలేదు. స్విఫ్ట్ చూసిన ఆ ఆరూ పదికి ఆ చోటు మస్కట్‌కి సరిగ్గా నడినెత్తిన ఉంది, తేడా నాలుగు డిగ్రీలే. చీకటి పడుతోంది. ఇక్కడ ఏ కొండ మీదైనా ఒక చిన్న రోబో టెలిస్కోపు ఉండి, దానికి సరైన కబురు అంది ఉంటే? (ఆవేళ నిండు పౌర్ణమి కాబట్టి కొంచెం కష్టపడేదనుకోండి.)

తాటాకు పందిరి కిటుకు

అసలు ఈ విస్ఫోటనాలు మనిషి కంట పడటమే అనుకోకుండా జరిగింది. 1963లో అణుపరీక్షల నిషేధ ఒప్పందం కుదిరాక, రష్యా దొంగచాటుగా బాంబులు పేలుస్తోందేమో చూడటానికి అమెరికా వేలా అనే ఉపగ్రహాల్ని పంపింది. 1967 జూలై 2న వాటికి ఒక గామా మెరుపు తగిలింది. అది బాంబు కాదు. ఇలాంటివి మరికొన్ని పోగయ్యాక 1973లో బయటపెట్టారు. ఆ తర్వాత పాతికేళ్ళ పాటు ఇవి ఎంత దూరం నుంచి వస్తున్నాయో తెలీదు. కాంప్టన్ ఉపగ్రహం 1991 నుంచి 2000 వరకు 2,704 విస్ఫోటనాల్ని లెక్కపెట్టింది గానీ, ఒక్కోదాని చిరునామా మాత్రం "ఫలానా జిల్లాలో ఎక్కడో" అన్నట్టుండేది.

చిక్కంతా ఎక్కడుందంటే, గామా కిరణాల్ని మామూలు అద్దాలతో ఒకచోటికి వంచలేం. అవి అద్దంలోంచి దూసుకుపోతాయి. అందుకని నీడలతో పని నడిపిస్తారు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి వేసే తాటాకు పందిరి గుర్తు తెచ్చుకోండి. మధ్యాహ్నం పందిరి సందుల్లోంచి నేల మీద వెలుగు చుక్కలు పడతాయి. పొద్దు వాలే కొద్దీ ఆ చుక్కల ముగ్గు మొత్తం పక్కకి జరుగుతుంది. పందిరిలో కంతలు ఎక్కడున్నాయో తెలిస్తే, తలెత్తి చూడకుండానే నేల మీద ముగ్గుని బట్టి సూర్యుడు ఎక్కడున్నాడో చెప్పొచ్చు. ఉపగ్రహాల్లో వాడే కోడెడ్ మాస్క్ అంటే ఇదే! స్విఫ్ట్‌లో ఆ పందిరిని యాభై వేలకి పైగా సీసపు పలకలతో వేశారు. నేను ఎమ్మెస్ చేసేటప్పుడు సిగ్నల్ ప్రాసెసింగ్ కోర్సులో ఇలాంటి నీడల్ని వెనక్కి విప్పే ప్రోగ్రాం ఒకటి రాయాల్సొచ్చింది. కాగితం మీద రెండు లైన్ల లెక్కే. అసలు డేటాలో గోల కలిసేసరికి రెండు వారాలు నిద్రలేదు.

1997 ఫిబ్రవరి 28న దారి దొరికింది. ఇటలీ, డచ్చి వాళ్ళు కలిసి పంపిన బెప్పోశాక్స్ ఉపగ్రహం తన విశాలమైన ఎక్స్-కిరణాల కెమెరాతో ఒక విస్ఫోటనాన్ని చూసింది. ఎనిమిది గంటల తర్వాత చిన్న టెలిస్కోపుల్ని అటు తిప్పితే అక్కడ ఆరిపోతున్న నిప్పురవ్వలా ఎక్స్-కిరణాల వెలుగు ఇంకా ఉంది. గామా మెరుపు సెకన్లలో పోతుంది, ఎక్స్-కిరణాల్లో దాని వేడి గంటలు, రోజుల తరబడి ఉంటుంది. ఆ వెలుగు పట్టుకుని వెళ్తే అది ఏ గెలాక్సీలో ఉందో, ఎంత దూరమో తెలుస్తుంది. 2004 నవంబరు 20న బయల్దేరిన స్విఫ్ట్ ఈ ఎనిమిది గంటల పనిని ఒకటిన్నర నిమిషానికి తెచ్చింది. గామా మెరుపు కనపడగానే ఎవర్నీ అడక్కుండా తనంత తానే అటు తిరిగి, చిరునామా తీసి, ప్రపంచమంతటికీ కబురు పంపుతుంది. పదేళ్ళు దాటేసరికే వెయ్యి విస్ఫోటనాలు పట్టుకుంది.

ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కాం. 2024 జనవరి 9న చైనా వాళ్ళు యూరప్‌తో కలిసి పంపిన ఐన్‌స్టైన్ ప్రోబ్ మెత్తటి ఎక్స్-కిరణాల్లోనే ఆకాశాన్ని జల్లెడ పడుతోంది. దాని కన్ను లాబ్‌స్టర్ కన్ను నమూనాలో చేసింది. లాబ్‌స్టర్ అంటే ఇక్కడ చేపల మార్కెట్లో మండిపోయే ధర పలికేదే, భీమవరం రొయ్యది కూడా అలాంటి కన్నే. దాంట్లో కటకం ఉండదు. చతురస్రపు గొట్టాలు వేలకొద్దీ పక్కపక్కన ఉండి, వాటి గోడల మీద వెలుగు జారి ఒకచోట చేరుతుంది. అందువల్ల ఒకేసారి ఆకాశంలో 3,600 చదరపు డిగ్రీలు, అంటే పదకొండో వంతు, చూడగలదు.

దీనివల్ల ఒరిగిందేమిటి? 2024 మార్చి 15న ఈ ఉపగ్రహం చూసిన ఒక విస్ఫోటనంలో ఎక్స్-కిరణాలు గామా కిరణాల కంటే ఆరు నిమిషాలు ముందే మొదలయ్యాయి, మొత్తం పదిహేడు నిమిషాలకి పైగా ఉన్నాయి. ఆ వెలుగు బయల్దేరి పన్నెండు వందల యాభై కోట్ల సంవత్సరాలైంది. 2025 జూలై 2న ఫెర్మిని ఒకే చోటు నుంచి మళ్ళీ మళ్ళీ తట్టిన విచిత్రమైన విస్ఫోటనం విషయంలో అయితే, పాత డేటా తీసి చూస్తే ముందురోజే అక్కడ ఎక్స్-కిరణాలు వస్తున్నట్టు ఐన్‌స్టైన్ ప్రోబ్ రికార్డులో ఉంది! ఇన్నాళ్ళూ మనం ఉరుముని విని మబ్బుని వెతుక్కుంటున్నాం, ఇప్పుడు మబ్బు కమ్మడమే కనపడుతోంది.

మన వాళ్ళ మాటేమిటి?

ఈ రంగానికి మన వాళ్ళు కొత్తవాళ్ళు కాదు. 1960ల చివర్లోనే టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు హైదరాబాదు నుంచి పెద్ద పెద్ద బెలూన్లకి ఎక్స్-కిరణాల పరికరాలు కట్టి ఎగరేశారు. ఈసీఐఎల్ దగ్గర ఆ బెలూన్ కేంద్రం ఇప్పటికీ ఉంది. నాచారం, కుషాయిగూడ వైపు పెరిగినవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

మా సూళ్ళూరుపేట పెద్దాయనకి తెలియాల్సిన సంగతి ఇంకోటి. 1987లో, మళ్ళీ 1988లో శ్రీహరికోట నుంచి ఏఎస్‌ఎల్‌వీ రాకెట్ల మీద పంపిన స్రాస్ ఉపగ్రహాల్లో గామా విస్ఫోటనాల పరికరం ఉంది. రెండు రాకెట్లూ విఫలమయ్యాయి. పరికరాలు బంగాళాఖాతంలో కలిశాయి. 1992లో మూడోసారి వెళ్ళింది గానీ కక్ష్య సరిగా అందక రెండు నెలలైనా ఉండలేదు. 1994 మే 4న నాలుగోసారి వెళ్ళిన స్రాస్-సీ2 మాత్రం ఏళ్ళ తరబడి పని చేసింది. నాలుగుసార్లు పట్టు వదలకుండా అదే పరికరాన్ని పంపిన ఆ తరం ఇంజనీర్ల గురించి మనం ఎక్కడా చదవం. చంద్రయాన్‌కి చప్పట్లు కొట్టాం, బాగానే ఉంది. వీళ్ళకి కూడా కొన్ని మిగల్చాల్సింది.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచే ఆస్ట్రోశాట్ వెళ్ళింది. దాన్లోని సీజడ్‌టీఐ అనే ఎక్స్-కిరణాల పరికరం చేయాల్సిన పని వేరే, ఎదురుగా ఉన్న ఒక చిన్న ముక్క ఆకాశాన్ని చూడటం. కానీ శక్తి ఎక్కువున్న కిరణాలకి దాని చుట్టూ ఉన్న గోడలు అడ్డు కావు. అందువల్ల ఏ పక్క నుంచి గామా మెరుపు వచ్చినా దానికి తెలుస్తుంది. కిటికీకి ఎదురుగా కూర్చున్నా, గోడ అవతల మాటలు వినపడటం లాంటిది. 2015 అక్టోబరు 6న ఆన్ చేసిన మొదటి రోజే ఒక విస్ఫోటనం దొరికింది. 2023 నవంబరు 22న దొరికింది 600వది. ఐదేళ్ళు పని చేస్తే చాలనుకున్న ఉపగ్రహం పదేళ్ళు పూర్తి చేసుకుంది.

మరి లోటేమిటి? కబురే! ఆస్ట్రోశాట్‌కి, తాను చూసింది విస్ఫోటనమని తానే గుర్తించి అప్పటికప్పుడు చెప్పే ఏర్పాటు లేదు. డేటా నేలకి దిగాలి. పుణె, ముంబయిల్లో ప్రోగ్రాములు దాన్ని సెకను పదో వంతు, సెకను, పది సెకన్ల ముక్కలుగా వెతకాలి. మనిషి చూసి సరే అనాలి. ఈలోగా గంటలు గడిచిపోతాయి. ఇది ఆ బృందం తప్పు కాదు. అసలు ఆ పనికి తయారు చేయని పరికరంతో అంత సాధించారు.

దీని విలువ నాకు నా ఉద్యోగంలో తెలిసొచ్చింది. కొన్నేళ్ళ క్రితం ఇక్కడ ఒక కంపెనీకి పంపుల్ని కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ చేశాం. ఒక రాత్రి ఒక పంపు వేడెక్కి ఆగిపోయింది. మా సిస్టం దాన్ని చాలా చక్కగా, సెకను సెకనుకీ రికార్డు చేసింది. ఆ సంగతి మర్నాడు పొద్దున్న ఏడింటికి వెళ్ళే రిపోర్టులో పన్నెండో పేజీలో ఉంది! క్లయింటు ముఖం నాకింకా గుర్తే. "అంతా రికార్డు అయింది సార్" అన్నాడు మా మేనేజరు. ఆయన ఏం బదులిచ్చాడో ఇక్కడ రాయను.

అలాగని కబురు పంపడం తేలిక కాదు. అంతరిక్షంలో సూర్యుడి జ్వాలలుంటాయి, ఆవేశకణాల వరదలుంటాయి, ఇవన్నీ డిటెక్టరుని తడతాయి. ప్రతిదానికీ గంట కొడితే రెండో వారానికల్లా ఎవరూ పట్టించుకోరు. (రాత్రి రెండింటికి ఆన్-కాల్ ఫోన్లు ఎత్తే మనవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.) ఏది నిజమో ఉపగ్రహంలోని చిన్న ప్రాసెసరే సెకన్లలో తేల్చాలి. స్విఫ్ట్ గొప్పతనం అదే.

స్విఫ్ట్ దిగిపోతోంది

ఆ స్విఫ్టే ఇప్పుడు కష్టంలో పడింది. మొదట్లో 600 కిలోమీటర్ల ఎత్తున ఉండేది. సూర్యుడి తాపం పెరిగి పై వాతావరణం ఉబ్బడంతో 2025కి దాదాపు 400 కిలోమీటర్లకి జారింది. దానికి తనను తాను పైకి నెట్టుకునే ఇంజను లేదు. 2025 సెప్టెంబరులో నాసా కటలిస్ట్ అనే చిన్న కంపెనీకి మూడు కోట్ల డాలర్ల పని అప్పగించింది. 2026లో ఒక రోబో నౌకని పంపి, స్విఫ్ట్‌ని పట్టుకుని పైకి లాగాలని పథకం. పట్టుకోవడానికి పిడి కూడా లేని ఉపగ్రహాన్ని! సాహసమే. అయితే దాన్ని లాగినంత మాత్రాన వయసు తగ్గదు. ఫెర్మిది కూడా 2008 నాటి ప్రయాణమే.

అందుకే ఐఐటీ బొంబాయి ప్రొఫెసరు వరుణ్ భలేరావు గారి నాయకత్వంలో తయారైన దక్ష ప్రతిపాదన నాకు చాలా ముఖ్యంగా కనపడుతుంది. భూమికి చెరోవైపున రెండు ఉపగ్రహాలు, వాటి మధ్య ఆకాశమంతా కనపడుతుంది. విస్ఫోటనాన్ని అక్కడే గుర్తించి ఒక నిమిషంలో నేలకి కబురు పంపాలన్నది లక్ష్యం. రెండెందుకంటారా? 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు ఢీకొని గురుత్వ తరంగాలు వచ్చిన 1.7 సెకన్లకి గామా మెరుపు వచ్చింది. ప్రపంచం మొత్తం అటు తిరిగింది. ఆ సమయానికి ఆస్ట్రోశాట్‌కి ఆ దిక్కున భూమి అడ్డం ఉంది! బంగారం లాంటి బరువైన లోహాలు ఇలాంటి ఢీలలో పుడతాయని ఆ ఘటనతో గట్టిగా తేలింది. ప్రతి అక్షయ తృతీయకీ రువిలో బంగారు కొట్ల ముందు బారులు తీరే మనం ఆ పుట్టుకని చూసే అవకాశాన్ని భూమి అడ్డుపడి పోగొట్టుకున్నామంటే కొంచెం బాధగానే ఉంటుంది.

మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో-ఇండియాకి 2023లో కేంద్రం 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. గురుత్వ తరంగాల్ని వినే చెవిని కొంటున్నాం. ఆ వినిపించిన వైపు చూసే కన్నుకి పచ్చజెండా ఎంత ఆలస్యమైతే ఆ చెవి పెట్టుబడి అంత దండగ అని నా అభిప్రాయం. అప్పటిదాకా చైనా, ఫ్రాన్స్‌ల కబురు మీద ఆధారపడాలి. వాళ్ళ 2024 నాటి స్వోమ్ ఉపగ్రహం 2025 మార్చి 14న, విశ్వానికి 73 కోట్ల ఏళ్ళ వయసున్నప్పటి విస్ఫోటనాన్ని పట్టుకుంది. బాగా చేస్తున్నారు, కాదనను.

ఒమాన్ ఏం చేయగలదు?

నవ్వకండి. ఒమాన్ మొదటి ఉపగ్రహం 2023 జనవరిలో బ్రిటన్ నుంచి వెళ్తూ రాకెట్టుతో సహా పోయింది. అదే ఏడాది నవంబరు 11న అమాన్-1 విజయవంతంగా వెళ్ళింది. 2024 డిసెంబరు 4న దుఖ్మ్ దగ్గర ఎత్‌లాక్ కేంద్రం నుంచి ఒక ప్రయోగాత్మక రాకెట్టు లేచింది. మన స్రాస్ కథ తెలిసినవాళ్ళెవరూ దీన్ని తక్కువ చేసి మాట్లాడరు.

విస్ఫోటనాల విషయంలో ఒమాన్‌కి ఉపగ్రహమే అక్కర్లేదు. స్వోమ్ ఉపగ్రహం భూమధ్యరేఖకి 30 డిగ్రీల లోపే అటూ ఇటూ తిరుగుతుంది, అది పంపే తక్షణ కబుర్లని దారి పొడుగునా సుమారు యాభై చిన్న రేడియో యాంటెన్నాలు అందుకుంటాయి. మస్కట్ 23.6 డిగ్రీల్లో ఉంది, అంటే దాని దారి కిందే. ఇక రెండోది చీకటి. పశ్చిమ హజర్ పర్వతాల్లో నక్షత్రాల వెలుగు కోసమే ప్రభుత్వం ఒక రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. జెబెల్ షమ్స్ వైపు శీతాకాలం రాత్రి గడిపినవాళ్ళకి ఆ ఆకాశం గురించి చెప్పక్కర్లేదు. వేసవిలో దుమ్ము ఉంటుంది, నిజమే. ఏడాదికి కొన్ని నెలలు పోయినా, లదాఖ్‌లోని హాన్లేలో రోబో టెలిస్కోపు తన పని ముగించే వేళకి ఇక్కడ ఇంకా గంటన్నర రాత్రి మిగిలి ఉంటుంది. మెరుపు వెలుగు గంటగంటకీ తగ్గిపోయే వ్యవహారంలో ఆ గంటన్నర చిన్నది కాదు.

కబురు తీసుకోవడానికి డబ్బేమీ కట్టక్కర్లేదు. నాసా నడిపే జీసీఎన్ అనే ఏర్పాటు ద్వారా ఈ ఉపగ్రహాల హెచ్చరికలు ఎవరికైనా ఉచితం. 2022 నుంచి అది కాఫ్కా మీద నడుస్తోంది, మనలో సగం మంది బ్యాంకు ప్రాజెక్టుల్లో రోజూ తిట్టుకునే అదే కాఫ్కా! నేను ఒక పాత లాప్‌టాప్ మీద చిన్న ప్రోగ్రాం పెట్టి వింటున్నాను. హెచ్చరిక రాగానే ఆ చోటు మస్కట్ నుంచి ఎంత ఎత్తున ఉందో లెక్కగట్టి ఫోన్‌కి పంపుతుంది. మా ఆవిడ దానికి "అర్ధరాత్రి అత్తగారు" అని పేరు పెట్టింది.

సూళ్ళూరుపేట పెద్దాయన ఫోనులో కూడా అది పెట్టాను. మొదటి రాత్రే మూడింటికి మోగిందట. పొద్దున్నే ఫోన్ చేసి, "అబ్బయా, డాబా ఎక్కి చూశా, ఏం కనపళ్ళేదు" అన్నారు. కంటికి కనపడదని చెప్పడం మర్చిపోయాను, తప్పు నాదే. ఇక్కడి కాలేజీల్లో పాఠాలు చెప్పే మన తెలుగువాళ్ళెవరికైనా టెలిస్కోపు ఆలోచన మీద ఆసక్తి ఉంటే సంఘం ద్వారా కబురు పెట్టండి. ప్రోగ్రాం నేనిస్తాను. కొండ మీద చోటు, దానికి కావలసిన అనుమతులు ఎలా సంపాదించాలో తెలిసినవాళ్ళు కావాలి.